తడి పైపు, నేను రాసిన రిపోర్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో జరిగింది ఇది. అప్పటికి డీగ్యాసింగ్ మెషీన్ల సర్వీసు పనిలో నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. బహదూర్‌పురాలో మా ఇల్లు. పొద్దున్నే టూల్ బ్యాగు స్కూటర్ ముందు పెట్టుకుని బయల్దేరితే రోజుకు మూడు నాలుగు ఫౌండ్రీలు తిరిగేవాణ్ని. భట్టీల వేడికి శరీరం ఎప్పుడో అలవాటు పడింది. తిరుగుడికి మాత్రం పడలేదు. మధ్యాహ్నం దాటేసరికి ఎదుటివాళ్లు చెప్పేది చెవిలో పడేది కానీ లోపలికి వెళ్లేది కాదు.

ఈ మెషీన్ సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అల్యూమినియం కరిగినప్పుడు దానికి తడి తగిలితే అందులోంచి హైడ్రోజన్ పీల్చుకుంటుంది. అచ్చులో పోశాక లోహం గట్టిపడుతుంటే ఆ హైడ్రోజన్ బయటికి రాలేక లోపలే సన్నని రంధ్రాలుగా మిగిలిపోతుంది. వాటిని పిన్‌హోల్స్ అంటాం. అవి రాకుండా, పోసే ముందు కరిగిన లోహంలోకి నైట్రోజన్ పంపిస్తాం. గ్రాఫైట్‌తో చేసిన గొట్టం, దాని కింద తిరిగే రోటర్. రోటర్ గ్యాస్‌ను చిన్న చిన్న బుడగలుగా చీలుస్తుంది. ఆ బుడగలు హైడ్రోజన్‌ను తమలోకి లాక్కుని పైకి వచ్చేస్తాయి. గ్యాస్ పొడిగా ఉండాలన్నది మొదటి షరతు. ఈ మాట నేనే ఎంతోమందికి నేర్పాను.

జహనుమా వెనక గల్లీలో హాషిం భాయ్ ఫౌండ్రీ ఉంది. నీళ్ల మోటార్లకు పంపు బాడీలు పోస్తారు. ఎండాకాలంలో అక్కడ మెషీన్ బిగించింది నేనే. వానలు మొదలయ్యాక ఆయన ఫోన్ చేశాడు. లీక్ టెస్టులో పంపు బాడీలు నిలవడం లేదట. పంపు బాడీలోకి గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచితే ఎక్కడ రంధ్రముందో అక్కడ బుడగలు వస్తాయి. నేను వెళ్లేసరికి పనికిరానివి గోడ పక్కన నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి.

ఆ రోజు అది నా మూడో సైటు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. గేజి మీద ప్రెషర్ చూశాను, సరిగ్గానే ఉంది. రోటర్ తిరిగే వేగం చూశాను, అదీ సరిగ్గానే ఉంది. భట్టీ మేస్త్రీ యాదయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. యాభై అయిదేళ్లుంటాయి. చేతుల మీద పాత కాలిన మచ్చలు. ఇరవై ఏళ్ల పైగా అదే భట్టీ దగ్గర లోహం కరిగిస్తున్నాడు.

"సారూ, ఒక్క మాట. గ్యాస్ పెట్టకుంట పోస్తే మంచిగొస్తున్నయి. పెడితేనే ఖరాబైతున్నయి. రెండు మూడుసార్లు చూసిన" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "అట్ల ఎట్లయితది యాదన్నా? గ్యాస్ పెట్టేదే రంధ్రాలు పోవాలని. స్క్రాప్ తడిగ ఏస్తున్నవేమో చూసుకో" అన్నాను.

"తడిగ ఎందుకేస్తా సారూ? భట్టీ మీద ఆరబెట్టే ఏస్తున్న."

నేను మరో మాట అడగలేదు. సర్వీసు రిపోర్టు తీసి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాశాను: మెషీన్ ఓకే. లోపం మెల్టింగ్ పద్ధతిలో ఉంది. హాషిం భాయ్ సంతకం చేసి ఒక కాపీ ఉంచుకున్నాడు. అంతా అరగంటలో అయిపోయింది. ఇంటికి వెళ్లి వేడినీళ్లు పోసుకోవాలన్న ఆలోచన తప్ప నా తలలో మరేదీ లేదు.

మూడు వారాలకు మళ్లీ ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి భట్టీ దగ్గర కొత్త మనిషి ఉన్నాడు.

"యాదన్న ఏడి?" అని అడిగాను.

"పంపేసిన. మీరే రాసిండ్రు గదా, మెల్టింగ్ తప్పని" అన్నాడు హాషిం భాయ్. "గీ కొత్తాయన స్క్రాప్ మొత్తం మంచిగ ఎండబెట్టి ఏస్తుండు. ఫిర్ భీ వహీ హాల్, గట్లనే ఖరాబైతున్నయి. మీరే ఏదన్నా చెయ్యుండ్రి. ఇట్లనే ఉంటే ఆర్డర్ వాపస్ పోతది భాయ్."

మనిషి మారినా లోపం మారలేదంటే అది మనిషిలో లేదు. యాదయ్య చెప్పిన మాట అప్పుడు లోపలికి వెళ్లింది.

వ్యాక్యూమ్ టెస్ట్ డబ్బా తెప్పించాను. చిన్న గిన్నెలో కరిగిన లోహం పోసి, డబ్బాలోంచి గాలి లాగేస్తూ గట్టిపడనిస్తే లోపల గ్యాస్ ఎంతుందో తెలిసిపోతుంది. ముందు గ్యాస్ పెట్టకుండా ఒక ముక్క తీశాను. తర్వాత పది నిమిషాలు మెషీన్ నడిపి రెండో ముక్క తీశాను. రెండింటినీ మధ్యకు కోయించాను. మొదటి దానిలో అక్కడక్కడ చుక్కలున్నాయి. రెండోది బ్రెడ్డు ముక్కలా నిండా రంధ్రాలతో ఉంది.

ఇక మెషీన్ దగ్గర నుంచి వెనక్కి నడిచాను, పైపు వెంబడి. నైట్రోజన్ సిలిండర్లు షెడ్డు బయట, రేకుల చూరు కింద ఉన్నాయి. మెషీన్‌తో వచ్చిన స్టీలు అల్లిక పైపు అక్కడిదాకా అందలేదు. అందకపోతే ఎండాకాలంలో ఎవరో ఒక మామూలు రబ్బరు పైపు ముక్కను క్లాంపుతో కలిపారు. ఎవరో కాదు, నేనే. తర్వాత వచ్చి మారుద్దామనుకున్నాను. మర్చిపోయాను. వానకు, ఎండకు క్లాంపు దగ్గర రబ్బరు గేజికి తెలియనంత సన్నగా పగిలింది. పని లేని గంటల్లో గ్యాస్ ఆపేసి ఉంచితే చూరు నీళ్లు ఆ పగుల్లోంచి లోపలికి దిగుతున్నాయి. పైపు ఊడదీసి వంచాను. నా చెప్పుల మీద నీళ్లు పడ్డాయి.

రంధ్రాలు పోగొట్టాల్సిన గ్యాసే రోజూ లోహంలోకి తడిని మోసింది. ఇంకాస్త ఎక్కువ నీళ్లు ఒక్కసారిగా భట్టీలోకి వెళ్లి ఉంటే కరిగిన లోహం పేలి, ముందు నిలబడ్డవాళ్ల ముఖాల మీదికి ఎగిరేది. ముందు నిలబడేది యాదయ్య. సిలిండర్ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అక్కడ ఎవరూ లేరు. పైపు మార్చేసి, పాతదాన్ని బ్యాగులో వేసుకుని, వానకు పాడయిందని చెప్పి ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ ఒక అబద్ధం అల్లి దాన్ని రోజూ మోసే ఓపిక నాలో లేదు. అది నిజాయితీయో అలసటో ఇప్పటికీ చెప్పలేను.

హాషిం భాయ్ వచ్చి, "క్యా హువా డేవిడ్ భాయ్? దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. గీ పైపు."

"ఎవ్వలేసిండ్రు దీన్ని?"

"నేనే ఏసిన భాయ్. నాదే తప్పు. యాదన్నది కాదు."

ఆయన పైపును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "మా అబ్బా బతికున్నప్పటి నుంచి యాదయ్య మా కాడ పని చేసిండు. పోయేటప్పుడు ఒక్క మాట అనలె. సలాం చేసి పోయిండు" అన్నాడు మెల్లగా.

యాదయ్య యాకుత్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని తెలిసింది. మర్నాడు పొద్దున వెళ్లాను. పెద్ద సైజు నీలం చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నేను చెప్పిన గద సారూ" అన్నాడు.

"చెప్పినవ్."

"నువ్వు నవ్వినవ్."

తల దించుకున్నాను. లోపల హాలు కడుగుతున్నట్టున్నారు, చీపురు చప్పుడు వినిపిస్తోంది.

"హాషిం భాయ్ మళ్ల రమ్మంటుండు. జీతం గూడ ముందటిదే" అన్నాను.

"అది తర్వాత. నువ్వు నా మీద కాగితం రాసినవ్. అండ్ల ఏం రాసినవో నాకు చదవరాదు. భట్టీ కాడ అందరు విన్నరు. మా గల్లీలో గూడ తెలిసింది. యాదయ్య పని ఖరాబు జేసిండట, అందుకే తీసేసిండ్రట అన్నరు. మా ఇంటామె గూడ అడిగింది, నిజంగ ఏమన్న జేసినవా అని. ఇర్వై ఏండ్లల్ల ఎన్నడు గట్ల అడగలె." కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "ఇంకో కాగితం రాయి. రాసి, అందరి ముంగట చదువు."

రాశాను. లోపం మెషీన్ బిగింపులో ఉంది, బిగించింది నేను, మేస్త్రీ ముందే సరిగ్గా చెప్పాడు, నేను వినలేదు. ఒక కాపీ మా ఆఫీసుకు పంపక తప్పలేదు. మా మేనేజర్ పిలిచి, "ఇంత వివరంగా రాయడం అవసరమా?" అన్నాడు. ఆరు నెలలు నన్ను సైట్ల నుంచి తీసేసి స్టోరులో కూర్చోబెట్టారు. అప్పుడు బాధపడ్డాను. నిజం చెప్పాలంటే కొంత విశ్రాంతిగా కూడా ఉండింది.

స్టోరుకు మారే ముందు ఒక శనివారం భట్టీ ముందు అందరూ నిలబడ్డారు. యాదయ్య భార్య లక్ష్మమ్మ కూడా వచ్చింది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పొగలోనే నిలబడింది. నేను కాగితాన్ని తెలుగులో చదివాను, తర్వాత నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. అయిపోయాక లక్ష్మమ్మ భర్త వైపు తిరిగి, "పా, ఇంటికి పోదాం" అంది.

యాదయ్య తిరిగి చేరలేదు. కొత్త మేస్త్రీకి పని చూపించడానికి పదిహేను రోజులు వచ్చి ఆపేశాడు. హాషిం భాయ్ ఎంత బతిమాలినా, "ఆ వేడికి ఇగ నా పానం ఓర్వది భాయ్. గేటు కాడ గాలొస్తది" అన్నాడట. స్టీలు పైపు వేశాక పంపు బాడీలు బాగానే వచ్చాయి. ఆర్డర్ నిలబడింది.

నేను మళ్లీ సైట్ల మీద తిరుగుతున్నాను. అలసట తగ్గలేదు, వయసు పెరిగింది. కానీ ఎక్కడికి వెళ్లినా గేజి చూడకముందే భట్టీ దగ్గరి మనిషిని అడుగుతాను, ఏం చూశావని. అతను చెప్పింది నాకు తెలిసినదానికి పూర్తిగా విరుద్ధంగా ఉంటే అప్పుడే ఇంకా జాగ్రత్తగా వింటాను. కారణం దొరకనప్పుడు దొరకలేదనే రాస్తాను. ఆ ఖాళీలో ఒక మనిషి తప్పని రాయను.