కామాలు పలికిన పడసాల

ఈ పొద్దు నేను సంగటి కెలికి దించేలోపే మా కోడలు అరుగు మీద కూర్చున్నచోటనే, పెద్దాఫీసు పంపిన పాల లెక్కల ఫైలును ఫోనులో తెరిచి, చదివించుకొని, ఎవరో రైతుకు జవాబు కూడా చెప్పేసింది. చెవిలో చెనగ గింజంత యంత్రం పెట్టుకుంది కాబట్టి నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఇంత సులువైన పని కోసం ఒకప్పుడు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదంటే మనవరాలు నవ్వుతుంది. నా ఈడు వాళ్ళు నవ్వరులే అని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా కోడలికి చిన్నప్పుడే తట్టు పోసి రెండు కళ్ళూ పోయాయి. అనంతపురంలో చూపులేని పిల్లల బడిలో చదువుకుంది, ఇంగ్లీషు కూడా నేర్చింది. నేను మూడో తరగతితో బడి మాని కలుపుకు పోయినదాన్ని. మెత్తని మనిషినని నన్ను ఎవరూ అనలేదు, అనిపించుకోవాలనీ లేదు. చూపున్నా లేకున్నా మా ఇంట్లో ఊరికే కూర్చోవడం అనేది లేదు. సోమందేపల్లెలో మా ఇంటి ముందరి పడసాలనే పాల కేంద్రానికి ఇచ్చి ఉన్నాం కాబట్టి, చెనక్కాయ చేను పూతలోనే మాడిపోయిన ఏడు, అప్పుడప్పుడు వచ్చిపోయే కేంద్రం మేనేజరును అడిగి ఆ పిల్లకు ఫోను దగ్గర పని ఇప్పించాను. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఫోను చేసి, ఉదయం ఎన్ని పాలు పోశాం, సాయంత్రం ఎన్ని, వెన్న ఎంత వచ్చింది అని అడిగితే చెప్పడం ఆమె పని. చేను ఏమీ ఇవ్వని ఆ ఏడు పొయ్యి వెలిగింది ఆ జీతంతోనే.

ఆ పనికి ఒక పాత కంప్యూటరు కొన్నాం. బొమ్మలూ రంగులూ ఏమీ లేక, ఒట్టి అక్షరాలు మాత్రమే వచ్చే రకం. దాని వెనక ఒక మాటల పెట్టె తగిలిస్తే అక్షరాలను ఇంగ్లీషులో ముక్కుతో చదివేది. మన పేర్లను అది పలికే తీరుకు మొదట్లో నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేదాన్ని. ఇక చూడనిదానికి అద్దం ఎందుకు, ఊరికే కరెంటు తింటుందని, కంప్యూటరు తెర వైరు పీకేసి, దాని మీద గోనెసంచి కప్పి మూలన పెట్టాను. దీపమైనా అంతే, మనిషి లేని గదిలో నేను వెలగనివ్వను.

అలా సాగుతుండగా పెద్దాఫీసు వాళ్ళు లెక్కలన్నీ గళ్ళ ఫైళ్ళలోకి మార్చారు. చూపున్నవాళ్ళకు అది ముగ్గు వేసినంత తేటగా ఉంటుందట, అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస. మా అక్షరాల కంప్యూటరు మాత్రం ఆ ఫైలును తెరవలేకపోయింది. తెరిచిన కొద్దీ మాటల పెట్టె పిచ్చి పట్టినట్లు అర్థం లేని గుర్తులు వదరసాగింది. మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ అతని మీద కూడా పైవాళ్ళున్నారు. నెల తిరిగేలోపు ఈ ఫైళ్ళు చదవలేకపోతే చూపున్న మనిషిని పెట్టుకోక తప్పదని గడప దగ్గర నిలబడి చెప్పిపోయాడు. కోడలు ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి అన్నం తట్టలో పెట్టిన ముద్ద సగం అలాగే ఉండిపోయేది. నేనూ అన్నం పారేయొద్దని అరిచే మనిషిని, అరవలేకపోయాను.

ఆమెకు చదువు చెప్పిన పంతులుకు కూడా చూపు లేదు. ఫోనులో సంగతి విని, ఆయన ఒక ఫ్లాపీని బిస్కెట్ పొట్లంలో పెట్టి, హిందూపురం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించాడు. ఆ ఎండలో రోడ్డు మీద కాచుకొని, పొట్లాన్ని కొంగులో కట్టుకొని తెచ్చింది నేనే. గళ్ళూ గీతలూ అన్నీ వొలిచేసి, లోపలి మాటలనూ అంకెలనూ మాత్రం వరసగా, మధ్యలో కామాలు పెట్టి ఇచ్చే ఉపాయం ఏదో దాంట్లో ఉండింది. చెనక్కాయ వొలిచి గింజ చేతిలో పెట్టినట్లన్నమాట. పెట్టె మొదటిసారి తిన్నగా ఒక రైతు పేరు చదివినప్పుడు మా ఇద్దరికీ ఊపిరి వచ్చింది.

వచ్చిన ఊపిరి మర్నాడే ఆగింది. ఫోనులో ఒకామె గొంతు, మూలన ఉన్న నాకు కూడా వినపడింది.

“నా ఎనుము వట్టిపోయి ఎన్నాళ్ళాయ! ఎవురి పాలు తెచ్చి నా పేరన పోస్తాండావు తల్లీ?”

కోడలు ఫోను పెట్టేసి అదే వరసను మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. తరువాత మెల్లగా, “అత్తా, ఇది ఖాళీ గళ్ళను మింగేస్తాండాది,” అనింది. పాలు పోయని పూట ఆ గడి ఖాళీగా ఉంటుంది. పెట్టె కామాలను పలకకుండా దాటేస్తుంది కాబట్టి, పక్క గడి అంకె, అన్నీ ఖాళీ అయితే కింది రైతు అంకె, వచ్చి పాల అంకె చోట్లో కూర్చుంటోంది. ఆమె పంతులును అడిగి, తడుముకొని, కామాలు కూడా పైకి పలికేలా పెట్టెను మార్చింది. ఇక మా పడసాల అంతా కామా, కామా అని ఒకటే మోత.

నెలాఖరున మేనేజరు అప్పుడే వచ్చిన కొత్త ఫైలు ఫ్లాపీ ఒక చేతిలో, దాని అచ్చు కాగితం ఇంకొక చేతిలో పట్టుకొని వచ్చాడు. కుర్చీ లాక్కొని కూర్చుని నాలుగు దిక్కులా చూశాడు.

“ఏమ్మా, తెర యాడ? నేనేం చూడల్ల?”

“చూసేదానికి ఏముండాది సారూ, ఇను,” అన్నాను.

“చూడకుండా నమ్మమంటావా?”

“ఆ పిల్ల నీ కాగితం చూసిందా? నమ్మలేదా?”

అతను నవ్వేసి, కాగితం మీద వేలు పెట్టుకొని కావాలనే కష్టమైన పేర్లు ఏరి అడగసాగాడు. పెట్టె గొణిగేది, కోడలు తల వంచి విని, ఉదయం ఇన్ని, సాయంత్రం పోయలేదు అని చెప్పేది. నేను మజ్జిగ చిలికే నెపంతో వాకిలి పక్కనే నిలబడి, కవ్వం తిప్పడం మరిచిపోయాను. చివరకు ఎనుము వట్టిపోయిన ఆమె పేరే అడిగాడు. పెట్టె పేరు చెప్పి కామా, కామా, కామా అనింది.

“రెండు పూటలా లేవు సార్. పాపం, ఆయమ్మ ఎనుము వట్టిపోయినాది,” అనింది కోడలు.

మేనేజరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, “రేపట్నుంచి ఫైళ్ళు నేరుగా ఈడికే పంపుతాలే,” అన్నాడు. ఆ పూట కోడలు ముద్ద మీద ముద్ద అడిగి పెట్టించుకుంది. నేను కసిరినట్లు, కడుపు చూసుకొని తినమన్నాను గానీ, కుండలో చెయ్యి ఆపలేదు.

ఆ తరువాత ఆ కామాలే నాకు వాన కబుర్లయ్యాయి. ఎండలు ముదిరి మేత కరువైతే పెట్టె ఆగకుండా కామాలు పలికేది. ఒక వాన పడి గడ్డి మొలిస్తే ఒక్కొక్కటే తగ్గేవి. పొయ్యి దగ్గర కూర్చొనే ఎవరింట్లో పాడి పోయిందో తెలుసుకునేదాన్ని. మజ్జిగకు దుడ్లు తీసుకోవడం మా వైపు లేదు కాబట్టి, మా ఊళ్ళో కామా పడిన ఇంటికి చెంబెడు పంపేదాన్ని. పొదుపు మనిషి గదా ఈమె అని వాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

ఇప్పటి ఫోను చక్కని తెలుగులో, ఏ వరస పైన ఏ పేరుందో చెప్పి మరీ చదువుతుందట. ఇక ఎవరూ వచ్చి ఆ పిల్లను పరీక్ష పెట్టరు. మంచిదే, ఆ భయం మళ్ళీ నాకు వద్దు. కానీ మాట అంతా ఆ చెనగ గింజంత యంత్రంలోంచి ఆమె చెవిలోకే పోతుంది. ఊరు ఎండుతోందో పచ్చబడుతోందో వంటింట్లోకి రాదు. అందుకే మజ్జిగ చిలికి, చెంబు పక్కన పెట్టుకొని, రోజూ నేనే అడుగుతాను, ఈ పొద్దు కామా ఎవరింట పడిందే అని. ఆమె చెవిలోది తీసి, నా వైపు తిరిగి, పేరు చెబుతుంది.