అచ్చమ్మ వడ్డన ఆగిన వారం

అచ్చమ్మకి లోకంలో మనుషులు రెండే రకాలు. తిన్నవాళ్ళు, ఇంకా తినాల్సినవాళ్ళు. తిన్నవాళ్ళు కూడా కాస్సేపాగితే రెండో రకంలో కలిసిపోతారు కాబట్టి, ఆవిడ దృష్టిలో నిజానికి ఉన్నది ఒక్క రకమే. మలేషియాలో తెలుక్ ఇంటాన్ అనే ఊళ్ళో, ఒక తమిళ బడి క్యాంటీనులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గరిటె తిప్పింది. వద్దన్న పిల్లాడికి ఒక గరిటె, వద్దువద్దన్న పిల్లాడికి రెండు. నాకు షుగరు తల్లీ అని హెడ్‌మాస్టరు మొత్తుకుంటే, సరే, ఆయన కేసరిలో పంచదార తగ్గించింది. కాకపోతే రెండింతలు పెట్టింది. రిటైరయ్యాక బడి పోయినా గరిటె పోలేదు. పోస్టు తెచ్చినవాడు, మీటరు చూసేవాడు, దారి తప్పి గుమ్మం ముందు ఆగినవాడు, ఎవడూ ఖాళీ కడుపుతో వెళ్ళిన దాఖలా లేదు.

అలాంటి అచ్చమ్మ మొగుడు అప్పలసామికి తిండి ఆపేశారు. ఆపేసింది ఎవరో కాదు, ఆవిడ చేతి కూడు తిని పెరిగిన కుర్రాడే.

అప్పలసామి పామాయిలు తోటలో గెలలు కోసే పని చేసి మానేసిన మనిషి. ఊరికే కూర్చోలేక పాత స్నేహితుడి తోటకి వెళ్ళి మట్టలు సర్దుతుంటే, వేలెడంత ముల్లు కాల్లో దిగింది. లాగి పారేసి, పసుపూ కొబ్బరినూనే రాసి, ఏమీ కానట్టు తిరిగాడు. మూడో రోజుకి చలిజ్వరం. నాలుగో రోజు పొద్దున పెళ్ళాన్ని పట్టుకుని "మీరెవరమ్మా?" అని మర్యాదగా అడిగాడు. నలభై ఏళ్ళలో ఆయన నోట 'మీరు' అన్న మాట వినని అచ్చమ్మకి అప్పుడే గుండె జారిపోయింది. అంబులెన్సు వచ్చింది. కాలిలోని చీము రక్తంలోకి ఎక్కేసిందనీ, ఒళ్ళంతా దానితో యుద్ధం చేస్తోందనీ చెప్పి, ఐసీయూలో నిద్రమందు ఇచ్చి ఊపిరి మిషను పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం లోపలికి వదిలినప్పుడు అచ్చమ్మ మిషన్లని చూడలేదు. ముక్కులోకి వెళ్తున్న సన్నటి గొట్టాన్ని చూసింది. అందులోంచి పాలలాంటిదేదో చుక్క, చుక్క, ఇంకాస్త ఆగి ఇంకో చుక్క పడుతోంది.

"ఇదేటి? సుక్కలు లెక్కెట్టి పోస్తన్నారేటి? మా మావ పూటకి మూడు పళ్ళేలు తినే మనిషి. ఈ లెక్కన జొరంతో కాదు, ఆకలితోనే పోతాడు!" అని తోడొచ్చిన చెల్లెలు పుష్పం చెయ్యి నొక్కింది.

పుష్పం ఊరుకోమంది. ఊరుకుంటే అచ్చమ్మ ఎందుకవుతుంది? ఆసుపత్రిలో మూడో రోజు హ్యాండుబ్యాగులో చిన్న ఫ్లాస్కు దాచుకొచ్చింది. అందులో రెండుసార్లు వడగట్టిన సగ్గుజావ, పైన కాస్త మిరియాల చారు. గొట్టంలో దిగాలని పల్చగా చేసింది, పాపం, తెలివి తక్కువదేమీ కాదు. నర్సమ్మకి ముందే ఒక వడల పొట్లం అందించి, ఆవిడ అటు తిరగ్గానే మూత తీసింది. మిరియాల చారు ఘాటు ఐసీయూ అంతా గుప్పుమంది. పక్క మంచం దగ్గరున్న డాక్టరు తుమ్ముతూ వెనక్కి తిరిగాడు.

"ఆంటీ! ఎన్న ఇదు? ఏంటిది?"

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. మాస్కు మీది కళ్ళు కూడా ఎక్కడో చూసినవే. "నువ్వు... తినగరన్‌వి గదా? అయిదో క్లాసు? మీహూన్ సేమ్యా రెండు పళ్ళేలు తినీసి, లేదు ఆంటీ ఒకటే అని అబద్ధమాడినోడివి?"

డాక్టరు తినగరన్ చెవులు ఎర్రబడ్డాయి. నర్సులు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగారు. అతను ఫ్లాస్కు మూత మెల్లగా బిగించి, ఆవిడని బయటికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అతని అమ్మమ్మ తెలుగావిడే, అయినా అతనికి తెలుగు అర్థమవడమే గాని మాట్లాడ్డం అంతంతమాత్రం. తమిళం కొంత, తెలుగు కొంత కలిపి మొదలెట్టాడు.

"ఆ గొట్టంలో ఇంకేదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది ఆంటీ. ఇంక అలా చెయ్యొద్దు."

"మరి నువ్వెయ్యి. ఎక్కువెయ్యి. కడుపు నిండా తిన్నోడివి, నా మొగుడికి గరిటెడు పెట్టలేవేటి?" అంది, అని ఏడ్చేసింది. మూడు రోజులుగా ఆపుకున్న ఏడుపు అది. మనిషి బతుకుతాడో లేదో తెలియదు, ఆవిడకి తెలిసిన ఒకే ఒక్క సాయాన్ని చెయ్యనివ్వడం లేదు.

తినగరన్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. తరవాత, "వరదప్పుడు మా ఇల్లు మునిగితే బళ్ళోనే పడుకున్నాం, గుర్తుందా?" అన్నాడు.

గుర్తులేకేం! పెరాక్ నది పొంగి, సరుకుల లారీ నాలుగు రోజులు రాలేదు. బడిలో మూడు వందల మంది. అచ్చమ్మ స్టోరు రూము తలుపు తీసి అడుగునుంచి పైదాకా దులిపేసింది. నూకలు, నిరుటి పప్పు, మెత్తబడ్డ బిస్కెట్లు అన్నీ గిన్నెలోకే. బిస్కెట్లతో పాయసం కూడా చేసింది. గ్యాసు అయిపోతే చెదపట్టిన బెంచీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది. ఎలక తిన్న బస్తాలు, వాటితోపాటు ఎలకలు, అన్నీ బయటికి. నాలుగో రోజుకి స్టోరు రూము అద్దంలా ఉంది.

"లారీ మొదటి రోజే వచ్చుంటే?" అని అడిగాడు తినగరన్.

"వస్తే ఏటుంది? పాత బస్తాల మీద కొత్త బస్తాలు ఏసీదాన్ని. కింద కుళ్ళు కిందే."

"ఆ... అంతే!" అని డాక్టరు తొడ చరుచుకున్నాడు. మావయ్య ఒంట్లో ప్రతి కణమూ ఇప్పుడు అలాంటి స్టోరు రూమే అన్నాడు. పాడైపోయిన తన ముక్కల్ని తనే ఒక సంచిలో చుట్టి, కరిగించి, ఆ సరుకుతోనే మళ్ళీ బాగుచేసుకుంటుంది. లోపల దూరిన క్రిముల్ని కూడా కొన్నిసార్లు అదే సంచిలో పడేస్తుంది. ఆటోఫజీ అంటారు. మొదటి రోజుల్లో తిండి దండిగా పోస్తే ఆ పని మందగిస్తుందేమోనని చదువుకున్నవాళ్ళ ఆలోచన. అందుకే ముందు కొద్దిగా, తరవాత మెల్లగా పెంచుతారు. క్రిముల్ని చంపే మందు ఎలాగూ నరంలో వెళ్తూనే ఉంది.

అచ్చమ్మ ముక్కు చీదింది. కన్నీళ్ళ మధ్యలోనే క్యాంటీను బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. "అదంతా సరే. బెంచీలన్నీ కాలిపోయినాక?"

"అదే భయం ఆంటీ. మరీ ఎక్కువైనా చెడే. సరిగ్గా ఎప్పుడు ఎంత అన్నది ఎవరికీ పూర్తిగా తెలీదు. రోజూ రక్తం చూసి నిర్ణయిస్తాం. అయిదో రోజుకీ లారీ రాకపోతే మీరేం చేసుండేవారు?"

"టీచర్ల బల్లలు నరికీదాన్ని."

"బల్లల దాకా పోనివ్వను," అన్నాడు తినగరన్.

ఆ మాట పట్టుకుని అచ్చమ్మ ఆ వారం వేలాడింది. నాలుగో రోజు అప్పలసామి బీపీ పడిపోయింది. ఆ రోజు ఆవిడ ఎవర్నీ తిన్నావా అని అడగలేదు, పుష్పానికి అంతకంటే భయమేసిన రోజు లేదు. అయిదో రోజు ఆయన నిలదొక్కుకున్నాడు. చేతులు ఊరుకోవు కదా, ఆ సగ్గుజావా, వడలూ, నిమ్మకాయ పులిహోరా అన్నీ వెయిటింగ్ హాలుకి మళ్ళాయి. చైనా తాతగారు, మలాయ్ తల్లీకూతుళ్ళు, ఒక పోలీసు, అందరూ తిన్నారు. తిన్నవాళ్ళందరికీ ఒంట్లోని స్టోరు రూము కథ చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే చైనా తాతగారు తన మనవడి గురించి డాక్టరుని వదిలేసి ఆవిడనే అడగడం మొదలెట్టాడు. ఆరో రోజు తినగరన్ బయటికొచ్చి, "ఆంటీ, లారీ వచ్చేసింది! ఇవాళ్టి నుంచి తిండి పెంచుతున్నాం," అనగానే అచ్చమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని హాలు మధ్యలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. పోలీసు చప్పట్లు కొట్టాడు.

తొమ్మిదో రోజుకి మిషను తీసేశారు. పదకొండో రోజు మింగగలడో లేడో చూసి, ఆసుపత్రి జావ గిన్నె ఒకటి, చిన్న చెంచా ఒకటి అచ్చమ్మ చేతికిచ్చారు. మూడు వందల మందికి ఒంటిచేత్తో వడ్డించిన చెయ్యి ఆ చెంచాని సగానికే నింపి అందించింది. అప్పలసామి ఒక చెంచా మింగాడు. రెండోది మింగాడు. మూడోది పెట్టబోతే మొహం పక్కకి తిప్పుకుని, ఆవిడ బుగ్గలకేసీ, వదులైపోయిన గాజులకేసీ చూశాడు.

"ఓలే, నువ్వు తిన్నావేటి?" అన్నాడు, బొంగురు గొంతుతో.

పదకొండు రోజుల్లో అచ్చమ్మ ఏం తిందో ఆవిడకే తెలియదు. అసలా ప్రశ్న ఈ జన్మలో ఎవరైనా తనని అడిగారా అంటే అదీ గుర్తు రాలేదు. ఒక్కసారిగా కడుపులో ఆకలి భగ్గుమంది. మంచం అంచున చతికిలబడి, ఏడుస్తూ, నవ్వుతూ, ఆ ఉప్పులేని జావ గబగబా తినెయ్యడం మొదలెట్టింది.

"మక్‌చిక్! పెద్దమ్మా! అది పేషెంటుది!" అని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

"తిననీ అమ్మా," అన్నాడు అప్పలసామి. "ఇంకో గిన్నె అట్టుకురా."