మొదటి చాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సంగటి వడ్డించేది అమ్మ, చాలనేది మేము. కంచం మీద అడ్డంగా చెయ్యి పెట్టామంటే అమ్మ చెయ్యి ఆగిపోయేది.

మాది ప్రొద్దుటూరు. మా అన్న ఈడు పిల్లలందరికీ గొంతులు మారాయి, మీసాలు మొలిచాయి. అన్నది మాత్రం ఇంకా సన్నని గొంతే. వీధిలో కనబడితే "ఏమక్కా, యాడికి పోతాండావు?" అని అడిగేవాళ్లు. అన్న బడి మానేశాడు. సూదులు వేయిస్తే నెలలో మీసం వస్తుందని ఎవరో చెప్పగా, సోమవారం తీసుకుపోతానన్నాడు నాయన. అన్నకూ అదే కావాలి.

పక్కింట్లో బాడుగకుండే డాక్టరమ్మ రోజూ బస్సులో జమ్మలమడుగు ఆసుపత్రికి పోయివచ్చేది. అమ్మ ఏడుస్తూ చెబితే అన్నను తనతో తీసుకుపోయి పరీక్షలు చేయించింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, అమ్మ చెవిలో ఏదో చెప్పి, మాతోపాటు భోజనానికి కూర్చుంది. అన్న కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మ ఆ చెయ్యి పక్కకు జరిపి ఇంకో ముద్ద వేసింది. అన్న మళ్లీ చాలన్నాడు. అప్పుడు ఆగింది.

డాక్టరమ్మ నవ్వి విడమరిచి చెప్పింది. మన తలలోనూ అమ్మలా వడ్డించేది ఒకటి ఉంటుందట. అది కిందికి కబురు పంపితే, మగపిల్లల బీజాల్లో హార్మోను తయారవుతుందట. ఆ హార్మోనే నెత్తుటిలో పైకి పోయి చాలంటుందట. చిన్నతనంలో చిటికెడుకే తల ఆగిపోతుంది. ఈడు వచ్చేసరికి ఆ మొదటి చాలును లెక్కచేయదు, ఇంకా పంపుతుంది. ఒళ్లు ఎదిగాక వచ్చే పెద్ద చాలుకే ఆగుతుంది. అన్నలోనూ అది మొదలైంది, కాకపోతే మెల్లగా.

"బయటినుంచి తెచ్చి నీ కడుపు నింపితే మీ అమ్మ పొయ్యి ఆర్పేయదా? ఆ హార్మోనునే బయటినుంచి ఎక్కించే ఈ సూదులూ అంతే నాయనా. తల పని మానుకుంటాది. కొన్నాళ్లు ఓర్చుకో" అంది.

"అంతవరకూ వాళ్లు నన్ను అక్కా అంటారే" అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

"అననీలే. నన్నూ అందరూ అక్కా అనే పిలుస్తారు గదా. నాకేం తక్కువైంది?"

అన్నకు నవ్వొచ్చింది. సోమవారం బడికి పోయాడు.

నాకప్పుడు అక్షరాలు రావు, అందుకే ఆ మాటలన్నీ చెవిలోనే దాచుకున్నాను. మరుసటి శెనక్కాయల పంటకు అన్న గొంతు బొంగురుపోయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ సన్నని గొంతు ఇక పోయినట్టేనని చాలా రోజులకు గానీ నాకు తోచలేదు.

పోయినేడు మంచాన పడ్డ అన్నకు నేనే సంగటి తినిపించేదాన్ని. జబ్బుకు గొంతు సన్నబడింది. రెండు ముద్దలకే "చాలు పాపా" అనేవాడు. అచ్చం ఆనాటి గొంతు. నేను వినపడనట్టు ఇంకో ముద్ద కలిపేదాన్ని, మళ్లీ అంటాడని.

ఇప్పుడు అన్న లేడు. ఎవరికి వడ్డించినా మొదటి చాలుకు నా చెయ్యి ఆగదు. రెండోదాని కోసం చూస్తుంది.