ఎదుర్కోళ్ళలో మక్కప్యాలాలు

పెళ్ళి ఆగిపోవాలంటే పెద్ద పెద్ద కారణాలే కావాలని మీరనుకుంటారు. పోలీసులు రావాలి, పాత ప్రేమలు బయటపడాలి, పెళ్ళికొడుకు గోడ దూకి పారిపోవాలి. అవేమీ అక్కర్లేదండీ. ఒక సంచెడు మక్కలు, అదే మొక్కజొన్నలు, అద్దెకు తెచ్చిన ఒక మిషను, నాలాంటి తెలివిగల చెల్లెలు ఉంటే చాలు. మా లావణ్య అక్క పెళ్ళిని పట్టపగలు, నడిరోడ్డు మీద, రెండు వైపుల చుట్టాలూ చూస్తుండగా నేను ఎలా ఆపానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మాత్రం ఒక్కరికీ నవ్వు రాలేదు.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు మెట్‌పల్లి పక్కనే. మా చేలో పండేవి పసుపూ మక్కలూ. నా ఫోన్‌లో పండేవి మాత్రం పెద్దింటి పెళ్ళిళ్ళ వీడియోలు. వాటిలో ఒక బల్ల కనిపించేది. దాని మీద వేడివేడి పాప్‌కార్న్, చుట్టూ గిన్నెల్లో రకరకాల మసాలాలు, పక్కన కాగితపు పొట్లాలు. వచ్చినవాళ్ళు ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకుని, కలుపుకుని, నవ్వుతూ ఫొటో దిగేవాళ్ళు. అది చూశాక, అలాంటి బల్ల లేకపోతే మా అక్క పెళ్ళి చెల్లదనిపించింది నాకు.

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా నాన్నకు, అదే మా బాపుకు, చెప్పాను.

"పెండ్లికి లడ్డూలు పెడ్తరు, బూందీ పెడ్తరు. ప్యాలాలు పెట్టుడేంది బిడ్డా?" అన్నాడు.

"గివి ప్యాలాలు గావు బాపూ. పాప్‌కార్న్."

"మక్కలు ఏంచితె ప్యాలాలు గాక ముత్యాలైతయా?"

ఆ మాట దగ్గర నేను ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆలోచించలేదు. రెండు రోజులు అన్నం తినకుండా అలిగాను. మూడో రోజు బాపు చేతులెత్తేశాడు. జగిత్యాల నుంచి మిషను వచ్చింది.

కోరుట్లలో ఫంక్షన్ హాలు. పొద్దున్నే గేటు పక్కన నా బల్ల వెలిసింది. కారం ఒక గిన్నెలో, పుదీనా పొడి ఒక గిన్నెలో, చీజు పొడి ఒకదానిలో, చాక్లెట్ పాకం ఒక సీసాలో. పైన నా చేతిరాతతో బోర్డు: "మీకు కావలసింది మీరే తీసుకోండి." ఆ బోర్డు రాసినంత శ్రద్ధగా నేను పరీక్షలు కూడా రాయలేదు.

చుట్టాలు వచ్చారు, బోర్డు చదివారు, దూరంగా వెళ్ళి కూర్చున్నారు. ఒక్కరంటే ఒక్కరు చెయ్యి పెట్టలేదు. మా మామ ఒకాయన మాత్రం వచ్చి బల్ల ముందు చెయ్యి చాచి నిలబడ్డాడు.

"మీరే తీస్కోవాలె మామా," అన్నాను.

"ఎవలూ పెట్టకుంట నేనెట్ల తీస్కుంట? దొంగతనం లెక్క లేదా?"

"గిది కొత్త ఫ్యాషన్ మామా."

"పిలిచినోళ్ళే పెట్టకపోతిరి. ఇగ మమ్ముల పిలిచుడెందుకు?" అని కోపంగా వెళ్ళి, తనతో పాటు మరో పదిమందికి కోపం తెప్పించి కూర్చున్నాడు. మా మేనత్త అయితే, "అన్నం గుడ మేమే అండుకోవాల్నా?" అని వంటవాళ్ళ వైపు చూసింది.

మిషనుకు ఈ మర్యాదలేమీ తెలియవు కదా. అది పటపటమంటూ పేలుస్తూనే ఉంది. గాజుపెట్టె నిండింది, గంపలు నిండాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది, సిరిసిల్ల నుంచి మగపెళ్ళివారి బస్సు రోడ్డు మలుపు దగ్గర ఆగిందని. ఇక ఎదుర్కోళ్ళు. అంటే ఆడపెళ్ళివాళ్ళం డప్పులతో ఎదురు వెళ్ళి, పెళ్ళికొడుకును తీసుకురావాలి.

చూడండి, ఆపదలో మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో! వీడియోల్లో పెళ్ళికొడుకు నడుస్తుంటే ముందర పూలు చల్లుతారు. పూలు అందరూ చల్లుతారు. తెల్లగా, మల్లెల్లాంటి పాప్‌కార్న్ ఎవరు చల్లారు? ఎవరూ చల్లలేదు. ఎందుకు చల్లలేదో అన్న ప్రశ్న నాకు రాలేదు. పెదనాన్న కూతుళ్ళను పిలిచి తలా ఒక గంప ఇచ్చాను.

"బావ అడుగేసినకాడల్లా ముందట సల్లుండ్రి. మంచిగ, నిండుగ సల్లుండ్రి."

మసాలా కలిపితే బావ తెల్ల షేర్వానీ పాడవుతుందని ఉత్త ప్యాలాలే ఇచ్చాను. ఎంత ముందుచూపో!

బస్సు దగ్గరికి వెళ్ళి, పెళ్ళికొడుకును దించుకుని హాలు వైపు బయలుదేరాం. ముందు డప్పులు. వెనక మేము, దారి నిండా తెల్లటి ప్యాలాలు చల్లుకుంటూ. మా వెనక మహేశ్ బావ. ఒంటి మీద తెల్ల బట్టలు, మెడలో బారెడు బంతిపూల దండ, ఎండకూ ప్రయాణానికీ సగం మూతలు పడ్డ కళ్ళు. ఆయన మేనమామ దిష్టి తీయాలని గుప్పెడు చిల్లర పైసలు తల చుట్టూ తిప్పి రోడ్డు మీదికి విసిరాడు. పిల్లలు వంగి ఏరుకుంటున్నారు.

అప్పుడు డప్పు దెబ్బ మారింది.

డప్పు కొడుతూ వెనక్కి తిరిగిన మల్లయ్య తాత దారిలో పడుతున్న ప్యాలాలు చూశాడు, వాటి మధ్య పైసలు చూశాడు. ఇన్నేళ్ళ అలవాటు. ఆయనకు తెలియకుండానే చేతులు పెళ్ళి దెబ్బ వదిలి వేరే దెబ్బ అందుకున్నాయి. ఆ దెబ్బ మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా వైపు మనిషి పోతే పాడె ముందు డప్పు కొడుతూ, దారి పొడుగునా ప్యాలాలూ చిల్లర పైసలూ చల్లుకుంటూ తీసుకెళతారు. పుట్టి పెరిగింది అక్కడే, ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అయినా ఆ నిమిషం దాకా నా బుర్రకు తట్టలేదు. చేతిలో గంప జారిపోయింది, మిగిలిన ప్యాలాలన్నీ సరిగ్గా బావ కాళ్ళ మీద పడ్డాయి.

డప్పులు ఆగిపోయాయి. "చెయ్యి గట్ల పోయింది బిడ్డా, నేను కొట్టలె," అని మల్లయ్య తాత డప్పు మెడలోంచి తీసి కింద పెట్టేశాడు.

పెళ్ళికొడుకు నాయనమ్మ లచ్చవ్వ రోడ్డు మీదే కూలబడింది. "నా మనుమన్ని పెండ్లికి తీస్కపోతున్నరా, బొందలగడ్డకు తీస్కపోతున్నరా?"

పెళ్ళికొడుకు నాన్న మా బాపు వైపు తిరిగాడు. "గిదేం మర్యాద బావా? బస్సు తిప్పుమంటవా?"

బాపు రెండు చేతులూ జోడించాడు. ఇంతలో నా ఫోను మోగింది. హాలు లోపల పెళ్ళిబట్టల్లో కూర్చున్న అక్క.

"సప్నా, డప్పు గట్ల మోగిందేందే? ఎవలు పోయిన్రు?"

"ఇంకా ఎవలు పోలే అక్కా. నేనే పోయేటట్టున్న," అని పెట్టేశాను.

పెళ్ళి జరిపించే మా అయ్యగారు పరుగున వచ్చాడు. "పేలాలు అశుభం కాదమ్మా. పెళ్ళిలో లాజహోమం చేసేది పేలాలతోనే కదా," అని సర్దబోయాడు.

"అయి నిప్పుల ఏస్తరు అయ్యగారూ. తొవ్వల ఎయ్యరు," అంది లచ్చవ్వ. అయ్యగారు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు.

"గివి సల్లుమన్నదెవలు?" అని ఆమె అడగగానే మా అక్కచెల్లెళ్ళందరి వేళ్ళూ ఒకేసారి నా మీదికి లేచాయి. వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను.

"సదువుకున్నవా?"

"డిగ్రీ అవ్వా."

"గందుకే."

నా కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. నా పిచ్చి సరదాకు అక్క పెళ్ళి పోతోంది. "తప్పైంది అవ్వా. నన్ను కొట్టుండ్రి, తిట్టుండ్రి, గని అక్క పెండ్లి ఆపకుండ్రి," అన్నాను.

ఆమె నా గంపను దగ్గరికి లాక్కుంది. గంప అడుగున అంటుకుని మిగిలిన ఒక ప్యాలం తీసి, పళ్ళు లేని నోట్లో వేసుకుని, చప్పరించింది.

"ఉప్పు లేదు," అంది.

"మసాల లోపటున్నదవ్వా. పుదీన, కారం, చాక్లెట్..."

లచ్చవ్వ కర్ర పట్టుకుని లేచింది. "అందరూ ఇనుండ్రి! గీ ప్యాలాలు నా మనుమనియి గావు. నాయి. జర ముందుగాల సల్లిన్రు, గంతే. పోరడా, బస్సెక్కు. మల్ల మొదటికెల్లి దిగుదాం." తర్వాత కర్ర నా వైపు తిరిగింది. "నువ్వు ఊడువు. ఒక్క ప్యాలం మిగలద్దు. ఇంకోటి, నేను పోయిన్నాడు నువ్వే అచ్చి సల్లాలె. మసాల ఏసి. మాటియ్యి."

ఇవ్వకపోతే పెళ్ళి లేదు. అందరి ముందూ, వెక్కుతూ, ఆమె చావుకు ప్యాలాలు చల్లుతానని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. లోకంలో ఎవరికైనా ఇలాంటి గతి పట్టిందా చెప్పండి!

పట్టు లంగా వోణీ ఎగదోపి రోడ్డంతా ఊడ్చాను. పసుపు నీళ్ళు చల్లారు. బస్సు మళ్ళీ వచ్చింది, మల్లయ్య తాత ఈసారి కళ్ళు ఆకాశానికి అతికించుకుని పెళ్ళి దెబ్బే కొట్టాడు. అక్క మెడలో తాళి పడ్డాకే నాకు ఊపిరాడింది. భోజనాలయ్యాక చూస్తే, నా బల్ల ముందు లచ్చవ్వ ఒక్కతే నిలబడి పొట్లంలో పుదీనా కలుపుకుంటోంది. "తీస్కోండ్రి, ఎవలు పెట్టరట," అని అందరినీ పిలుస్తోంది. పావుగంటలో గిన్నెలు ఖాళీ. అందరికంటే ముందు లైనులో నిలబడింది మా దొంగతనం మామే.

ఇప్పుడు అక్కకు ఇద్దరు పిల్లలు. లచ్చవ్వ సిరిసిల్లలో గుండ్రాయిలా ఉంది. కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ ఒట్టేసి చెబుతున్నాను. పెళ్ళి గానీ, పుట్టినరోజు గానీ, గృహప్రవేశం గానీ, జన్మలో మళ్ళీ మక్కప్యాలాల మిషను ముట్టను. ఆ ఒక్క ఆర్డరు తప్ప. అది మరో నూరేళ్ళ దాకా రాకూడదని వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాను కూడా.

మొన్న పొద్దున్నే లచ్చవ్వ ఫోన్ చేసింది. ఆ ఆర్డరుకేనేమోనని గబుక్కున ఎత్తాను.

"పానం మంచిగున్నదా అవ్వా?"

"నాకేమైతది బిడ్డా? గది కాదు గని, నా ప్యాలాలల్ల పుదీన ఎయ్యద్దు. చాక్లెట్ ఎయ్యి."