గింజలు నూరిన మా అత్త

ఈ పొద్దున మా అమ్మాయి ఫార్మసీ పరీక్షకు చదువుకుంటూ, మాత్రల్లో అసలు మందు కాక ఇంకేమేం కలుపుతారో పైకి అప్పజెబుతోంది: పిండి, చక్కెర, రంగు, జిగురు, పైపూత. చపాతీ పిండి కలుపుతున్న నేను పక్కున నవ్వాను. "ఏందమ్మా, గంత నవ్వే ముచ్చట ఏముంది దీంట్ల?" అంది. ఏమని చెప్పను! పైపూత అనగానే బాన్సువాడలో మా పాత కిరాయి ఇల్లు, అందులో రోలు ముందు కూర్చున్న మా అత్త గుర్తొచ్చింది.

మా అత్త బీడీలు చుట్టేది. మహా గడుసుది. మందుల విషయంలో ఎవరినీ నమ్మేది కాదు. చక్కెర పూత మాత్ర ఇస్తే తీపి ఉన్నంతసేపు చప్పరించి, చేదు తగలగానే ఉమ్మేసి "మందు ఒడిసింది" అనేది! అలాంటి మనిషికి ఒక ఎండాకాలం కడుపులో మంట పట్టుకుంది. తిన్నా మంటే, తినకున్నా మంటే. డాక్టరు సారు గొట్టం గోలీలు, అదే క్యాప్సూల్స్, రాసిచ్చి, పదిహేను రోజుల్లో తగ్గకపోతే నిజామాబాద్ వెళ్లి గొంతులోంచి పైపు వేసి చూడాలన్నాడు. దేనికీ బెదరని మా అత్త ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పిల్లా, నీకు దండం పెడత, నా గొంతుల పైపు ఏయనియ్యకే" అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఇక రోజూ వేళ తప్పకుండా గోలీ ఆమె చేతిలో పెట్టడం నా పని. పది రోజులైనా మంట ఇసుమంత కూడా తగ్గలేదు.

పదకొండో రోజు గోలీ ఇచ్చి, మరచిన చెంబు కోసం వెనక్కి వచ్చానా, మా అత్త రోట్లో ఏదో నూరుతోంది. పక్కనే గోలీ తాలూకు ఖాళీ గొట్టం రెండు ముక్కలై పడి ఉంది.

"ఏందత్తా ఇది?"

"గోలీనేనే. పైన డబ్బి ప్లాస్టిక్ గదా, గది తింటరా ఎవరన్న? లోపట సన్నగ గింజలున్నయి. నూరకుంట మింగితే ఏడ అరుగుతయి? జర బెల్లమేసి నూరుతున్న."

అప్పటికప్పుడు ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లాను. సంగతి విని డాక్టరు సారు కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. "అవ్వా, కడుపులున్న పులుపు ఈ మందును ఖరాబు చేస్తది. అందుకే గింజ గింజకు పూత పెట్టిండ్రు. కడుపు దాటినంకనే ఆ పూత కరుగుతది. నువ్వేమో దాన్ని నూరి పారేస్తున్నవు."

మా అత్త వెంటనే తలూపింది. "గట్ల చెప్పు మరి సారూ! ఆకు సక్కగ లేకుంటె తంబాకు ఎంత మంచిదైతె ఏంది, అంత రాలిపోతది. మాకు ఆకు కత్తిరించుడే సగం పని" అంది. నాలుగేళ్లు చదివి మా అమ్మాయి నేర్చుకుంటున్నది ఆమెకు ఒక్క నిమిషంలో ఎక్కింది. సారు ఇంకో పదిహేను రోజులు గడువిచ్చాడు.

ఆ పూట నుంచి గోలీని గోలీగానే, కళ్లు గట్టిగా మూసుకుని గుటుక్కున మింగేది. మింగాక నోరు తెరిచి నాకు చూపించేది కూడా! వారం తిరిగేసరికి మంట సగానికి తగ్గింది. గడువు నాటికి పూర్తిగా పోయింది. "ఇగ ఫికర్ లేదవ్వా, పైపు అక్కర్లేదు" అని సారు అనడమే ఆలస్యం, మా అత్త నాకంటే ముందు బయటికొచ్చి ఆటో ఆపింది. మధ్యాహ్నం ఇంటికి రాగానే తోటి బీడీల వాళ్లందరినీ పిలిచి జొన్నరొట్టెలు పెట్టించింది. నెల రోజులుగా ముట్టని పచ్చిమిరప తొక్కును వేలికొసతో కాస్తంత తీసి నాలుక మీద రాసుకుని, నా వైపు తిరిగి "సారుకు చెప్తివా, సూడు!" అని బెదిరించింది. అరుగు మీద అందరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. కాలం మా అత్తను తీసుకుపోయి ఐదేళ్లవుతోంది. ఆ మధ్యాహ్నాన్ని మాత్రం నా దగ్గరే వదిలి వెళ్లింది.