పెన్సిల్‌తో రాయవలసిన అంకె

కాలిపోయిన మోటారుకి కొత్తగా తీగ చుట్టి వార్నిష్ పూసి ఆరబెడితే ఒక వాసన వస్తుంది. కొంచెం తీపి, కొంచెం ఘాటు, గొంతు అడుగున పట్టుకుని వదలదు. నిన్న మధ్యాహ్నం, పని మీద వెళ్ళిన ఒక కొత్త ఊళ్ళో బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక ఉన్న వైండింగు షాపులోంచి ఆ వాసన వచ్చింది. బస్సు కూడా వచ్చింది. నేను ఎక్కలేదు. జగ్గయ్యపేటలో అలాంటి షాపు ముందు స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని, పెన్సిల్ చెక్కుకుంటున్న విజయకుమారి గారు గుర్తొచ్చారు.

నా ఉద్యోగం ఏమిటో ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ సరిగా తెలియదు. పల్లెలకి కరెంటు ఇచ్చే చిన్న సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటికి లైన్లు ఎక్కువ, ఇంజనీర్లు తక్కువ. అవే నీళ్ళు తక్కువ కరెంటుతో తోడాలంటే ఏ మోటార్లు ముందు మార్చాలి, మారిస్తే ఎంత మిగులుతుంది అన్న ప్రణాళిక వాళ్ళకి మేం వేసి ఇస్తాం. చదువు పూర్తయిన ఏడాదే కంపెనీ నన్ను నందిగామ పంపింది. అక్కడి చిన్న విద్యుత్ సంఘంలో ఆవిడ అసిస్టెంట్ ఇంజనీరు, ఊళ్ళోవాళ్ళకి ఏఈ అమ్మ. రిటైర్‌మెంటుకి ఏడాదిన్నర ఉంది. పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసుకి రెండు వీధుల అవతల రెండు గదుల ఇంట్లో ఉండేవారు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో ఉండేవాణ్ణి. ఆదివారాలు ఒకే ఊళ్ళో, ఎవరి గోడకేసి వాళ్ళం చూస్తూ ఒంటరిగా అన్నం తినేవాళ్ళమన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మొదటి రోజు నా దగ్గర లాప్‌టాప్, దానిలో సంఘం ఇచ్చిన జాబితా ఉన్నాయి. రైతు పేరు, మోటారు ఎన్ని హార్స్‌పవర్‌ది, ఏ సంవత్సరం పెట్టింది, అన్నీ గళ్ళల్లో ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక పేజీ చూశారు.

"ఈ జాబితా మా ఆఫీసుదే అబ్బాయ్. అందుకే నమ్మొద్దంటున్నా" అన్నారు.

పొలాలకి వెళ్తామనుకున్నాను. ఆవిడ నన్ను జగ్గయ్యపేటలో సైదులు అనే అతని వైండింగు షాపుకి తీసుకెళ్ళి పొద్దంతా కూర్చోబెట్టారు. ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు ఒకరోజు ఆ షాపులో గడపడం ఆవిడ పద్ధతి. సైదులు పని ఆపకుండానే చెబుతూ పోయాడు. "మోటారు రేకు మీద ఐదు హార్స్‌పవర్ అని రాసుంటది సార్. లోపల నేను ఏడున్నర తీగ చుడతా. చివరాఖరి పొలాల్లో వోల్టేజీ రాదు. రాకపోయినా తట్టుకోవాలె గదా." నా జాబితాలో సగం గళ్ళు ఆ మధ్యాహ్నానికే తప్పని తేలాయి. నేను చకచకా పెన్నుతో దిద్దుతుంటే ఆవిడ తన పెన్సిల్ ఇచ్చారు. నువ్వు కొలిచినది పెన్నుతో రాయి, విన్నదీ లెక్కగట్టినదీ పెన్సిల్‌తో రాయి అన్నారు. ఆవిడ పెట్టిన నియమం అదొక్కటే.

చెవిటికల్లు దగ్గర ఒక లైను మీద కొన్ని కొత్త రకం మోటార్లు పెట్టి చూడాలని అనుకున్నాం. అవి బాగా నడిస్తే సంఘం మిగతా ఊళ్ళన్నిటికీ ఒప్పుకుంటుంది. రిటైరయ్యేలోగా అది చూడాలని ఆవిడ కోరిక. ఆ మాట ఆవిడ అనలేదు గానీ, గోడ మీది క్యాలెండరు వైపు చూసే తీరులో తెలిసేది. లైను చివర కోటయ్య గారి మిరపతోట. పాత మోటారు ఇచ్చి కొత్తది తీసుకోవడానికి ఆయన వారం ఆలోచించారు. "మీరు చెబితే సరేనమ్మా. కానీ తోట పూత మీదుంది. నీళ్ళు ఆగితే మునిగిపోతా" అన్నారు.

మోటార్లు బిగించేముందు ప్రతి పొలంలో, లైను మీద అన్ని మోటార్లూ తిరుగుతున్న వేళ, వోల్టేజీ కొలవాలి. ఒక్కణ్ణే నడిచి అన్నీ కొలుచుకుంటూ చివరికి వచ్చాను. కోటయ్య గారి స్టార్టర్ డబ్బాకి తాళం వేసి ఉంది. చుట్టుపక్కల మనిషి లేడు. రాత్రి వానకి నల్లరేగడి చెప్పులకి పట్టుకుంటోంది. కాసేపు నిలబడ్డాను. తీగ పొడవు తెలుసు, మందం తెలుసు, సూత్రం తెలుసు. లెక్కగట్టాను. పెన్సిల్‌తో రాస్తే మళ్ళీ పంపుతారు. పెన్నుతో రాశాను.

"చివరిది కూడా చూశావా?" అని అడిగారు సాయంత్రం విజయకుమారి గారు.

"చూశానండి."

ఆవిడ సంతకం పెట్టారు.

కొత్త మోటారు వారం తిరక్కుండానే కాలిపోయింది. మేం వెళ్ళేసరికి కోటయ్య గారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. సాళ్ళ మధ్య తెల్లటి పూత రాలి ఉంది. ఆయన కేకలేయలేదు. వేసినా బాగుండేది.

"ఈ డబ్బా దగ్గర వోల్టేజీ చూశాకే పెట్టామన్నారు గదమ్మా. మీ అబ్బాయి వచ్చిన రోజు తాళంచెవి నా జేబులోనే ఉంది. నేనేమో జగ్గయ్యపేటలో ఉన్నా. ఎట్టా చూశారు?"

ఆవిడ నావైపు తిరగలేదు. "చూడలేదు కోటయ్య గారూ. చూడకుండా సంతకం పెట్టా. తప్పు నాది."

పక్క పొలం ఆయన్ని అడిగి రెండు రోజులు నీళ్ళు పెట్టించారు. సంఘం షెడ్డులో పడి ఉన్న ఆయన పాత మోటారు తెప్పించి, దగ్గరుండి బిగించారు. బిగింపు అయ్యాక, లైను మీద మోటార్లన్నీ తిరిగేదాకా నన్ను ఆ డబ్బా దగ్గరే కూర్చోబెట్టి కొలవమన్నారు. నోటుపుస్తకంలో నా పాత అంకెని ఒక్క గీతతో కొట్టేసి, అదే అంకెని పక్కన పెన్సిల్‌తో రాయించారు. దాని కింద, అప్పుడే కొలిచినది పెన్నుతో రాయించారు. రెండో అంకె చాలా చిన్నది; అంత తక్కువ వోల్టేజీకే కొత్త మోటారు కాలిపోయింది.

"ఈ రెండిటి మధ్యలో ఆయన పూత ఉంది. చూసుకో" అన్నారు. తర్వాత టిఫిను డబ్బా విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ నీడలో, పెరుగన్నంలో సగం నా వైపు తోశారు.

సంఘం రికార్డుల్లో ఆ ప్రయత్నం విఫలమైంది ఆవిడ పేరు మీదే. ముందు లైను చివర ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, ఆ తర్వాతే మోటార్లు మార్చాలి అని మేమిద్దరం కొత్తగా రాసిన ప్రణాళిక ఆమోదం పొందేసరికి ఆవిడ రిటైరయ్యారు. వీడ్కోలు సభలో నాలుగు వాక్యాల క్షమాపణ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ దండ తీసి కుర్చీకి వేసి, నన్ను పిలిచి, చివరి పొలాలన్నీ కొలవడం అయిందా అని అడిగారు. ఇంకా రెండున్నాయండి అన్నాను.

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం జేబులోనే ఉండిపోయింది. బదిలీ అయ్యాక చాలాసార్లు ఆవిడ నంబరు తీసి చూశాను గానీ నొక్కలేదు. క్రితం ఏడాది సైదులు ఫోన్ చేశాడు. "ఏఈ అమ్మ పోయింది సార్. మీకు చెప్పేటోళ్ళు ఉన్నరో లేరో అని చేసిన."

ఇప్పుడు అంకెలన్నీ టాబ్లెట్‌లోకి ఎక్కిస్తాం. అక్కడ పెన్నూ పెన్సిలూ లేవు, అన్ని అంకెలూ ఒకే నలుపు. గడి ఖాళీగా ఉంటే ఎర్రగా మెరుస్తుంది. నిన్న ఆ ఊళ్ళో చివరి పొలంలో స్టార్టర్ డబ్బాకి తాళం ఉంది. రైతు పెళ్ళికి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడన్నారు. అంకె లెక్కగట్టడం ఎలాగో నాకు ఇప్పుడు ఇంకా బాగా తెలుసు. ఆ లెక్క మనసులో కట్టుకుంటూనే బస్సు కోసం నిలబడ్డాను.

బస్సు వెళ్ళిపోయాక వెనక్కి నడిచాను. రైతు వచ్చేదాకా ఆగుదామని గట్టు మీద కూర్చుని తాళం వేసిన డబ్బా వైపు చూస్తూ ఉన్నాను. టాబ్లెట్‌లో ఒక్క గడి ఎర్రగా వెలుగుతోంది. పొలంలో ఎవరూ లేరు. సంచిలోంచి టిఫిను డబ్బా తీసి, పెరుగన్నంలో సగం తిని, మూత పెట్టాను.