డబ్బాలోని నమూనా

తాండూరులో రైలెక్కి నా ఎదుట కూర్చున్న తల్లి ఒడిలో మూత బిగించిన చిన్న డబ్బా ఉంది. భుజానికి వాలిన కూతురి మల పరీక్ష కోసం వికారాబాద్ ఆస్పత్రికి వెళ్తున్నానని చెప్పింది. బడిలో నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజున ఆ పాప గొర్రెల మంద వెంట ఊరు దాటి ఉందట.

“మొద్దట సార్ నా బిడ్డ! బడి మాన్పిచ్చి గొర్లు కాయ పంపుమన్నరు పంతుళ్లు. కడుపుల పురుగులున్నయేమో ఒక్కరన్న చూసిన్రా?”

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను; ఆ సంగతి ఆమెకూ చెప్పాను. కచ్చితంగా మాట్లాడటం నా అలవాటు. “మాత్రతో పురుగులు పోతాయమ్మా. చదువు వస్తుందని మాత్రం చెప్పలేం,” అన్నాను.

ఆమె డబ్బాను నా ముఖానికెదురుగా ఎత్తి పట్టింది. “సదువు నా బిడ్డ నేర్సుకుంటది. మీరు పురుగుల సంగతి సూడుండ్రి!”

పిల్లల నమూనా వస్తే, మైక్రోస్కోపు కింద రెండో స్లైడు కూడా చూడనిదే ‘పురుగుల్లేవు’ అని నేనిప్పటికీ రాయను.